పరికరం క్షేమం!

సొంత ఫోన్ ఉన్నవాడు అనాథ. కంపెనీ ఫోన్ ఉన్నవాడికి పెద్దదిక్కు ఉంది. ఎవరో అంటే విని అంటున్న మాట కాదిది, ఏడాదిన్నర అనుభవం మీద చెబుతున్నాను.

మీ సొంత ఫోన్ సంగతే చూడండి. దాన్ని పట్టించుకునే నాథుడెవడైనా ఉన్నాడా? ఛార్జింగ్ అయిపోతే మీరే తిట్టుకోవాలి. వైరస్ పడితే మీరే మొత్తుకోవాలి. సోఫా సందులో పడితే మీరే బోర్లా పడుకుని వెతుక్కోవాలి. నా జేబులో ఉన్న కంపెనీ ఫోన్‌కి ఆ దిక్కుమాలిన బతుకు లేదు! ఇక్కడికి ఆరువందల కిలోమీటర్ల దూరంలో, మా హెడ్డాఫీసు ఏడో అంతస్తులో ఒక గది ఉంది. ఆ గదిలో గోడంత తెర ఉంది. ఆ తెర మీద నా ఫోన్ ఒక పచ్చచుక్క. బ్యాటరీ ఎంతుందో, ఎక్కడ తిరుగుతోందో, నిన్న ఎన్నిసార్లు చేజారి కింద పడిందో, అన్నీ అక్కడివాళ్ళకి తెలుసు. నాకు షుగర్ ఎంతుందో మా ఆవిడకి కూడా తెలియదు. నా ఫోన్ ఒళ్ళు ఎంత వేడెక్కిందో మాత్రం హెడ్డాఫీసుకి తెలుసు. ఇంతకంటే అదృష్టం ఏం కావాలండీ?

నేనెవరో చెప్పడం మరిచాను. మాది లిఫ్టుల మరమ్మతు కంపెనీ. నేను బ్రాంచి సూపర్‌వైజర్‌ని, ఇరవై మూడేళ్ళుగా. మా చేతి కింద నూట ఎనభై లిఫ్టులు, పద్నాలుగు మంది మెకానిక్కులు ఉన్నారు. మీరు ఏ ఆఫీసులోనో, ఏ ఆస్పత్రిలోనో బటన్ నొక్కగానే తలుపు తెరుచుకుందంటే అది మా పుణ్యం. తెరుచుకోలేదంటే కరెంటువాళ్ళ పాపం.

ఏడాదిన్నర కిందట కంపెనీ మా అందరికీ స్మార్ట్‌ఫోన్లు ఇచ్చింది. వాటిని చూసుకోవడానికి హెడ్డాఫీసులో 'పరికరాల నిర్వహణ విభాగం' అని ప్రత్యేకంగా ఒకటి పెట్టింది. ఆ గోడంత తెరని డాష్‌బోర్డు అంటారట, అందుకని ఆ విభాగం అధికారిణిని మేం చాటుగా డాష్‌బోర్డు మేడం అనుకుంటాం. చాలా మర్యాదస్తురాలు. ఫోన్లు పంచిన రోజు మా మీటింగులో తెర మీద కనిపించి, "ఇకమీదట మీ ఫోన్ల బాధ్యత మాది. మీరు నిశ్చింతగా ఉండండి" అన్నారు. ఆ తర్వాత ఇక్కడి మైకు నా చేతికొచ్చింది. "తమ్ముళ్ళూ! ఇది ఫోన్ అనుకోకండి. కంపెనీ మీ భుజం మీద వేసిన చెయ్యి అనుకోండి" అన్నాను. చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా నేనే కొట్టాను.

ఆ చెయ్యి మా భుజం మీద పడిన దగ్గర్నుంచి మాకు జరిగిన మేలు అంతా ఇంతా కాదు!

పాస్‌వర్డు చూడండి. పదిహేను రోజులకోసారి మార్చాలి. పన్నెండు అక్షరాలుండాలి. అందులో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలి. వెనకటి పాస్‌వర్డులతో ముక్కూ మొహం కలవకూడదు. యాభై దాటిన మనిషికి మతిమరుపు రాకుండా ఇంత మంచి కసరత్తు ఏ డాక్టరు చెబుతాడు? అయినా మర్చిపోతామన్న భయంతో మావాళ్ళు పాస్‌వర్డులన్నీ బ్రాంచి ఆఫీసులో సుద్దముక్కతో రాసిపెట్టుకున్నారు. రహస్యం కదా, అందుకని గోడ మీద రాయలేదు. తలుపు వెనక రాశారు.

భద్రత కోసం ఫోన్లో కెమెరా ఆపేశారు. ఎంత ముందుచూపు! అయితే పని పూర్తయిందని చెప్పే యాప్‌లో పాడైన భాగం బొమ్మ పెట్టకపోతే ఆ పని ముగిసినట్టు లెక్కకాదు. దాంతో మావాళ్ళలో ఇన్నాళ్ళూ అణగిపోయి ఉన్న చిత్రకారులు బయటపడ్డారు. ఒకాయన అరిగిపోయిన పళ్ళచక్రం బొమ్మ పెన్సిలుతో గీసి, బ్రాంచిలో స్కాన్ చేయించి పంపాడు. పొద్దుతిరుగుడు పువ్వులు మన పని కిందికి రావని హెడ్డాఫీసు నుంచి జవాబొచ్చింది.

ఇంకోటి. ఫోన్ మా బ్రాంచి సరిహద్దు దాటితే దానంతటదే తాళం వేసుకుంటుంది. మా సరిహద్దులో ఒక అపార్ట్‌మెంటు ఉంది. దాని మెట్లు మావి, వరండా పక్క బ్రాంచిది. అక్కడ పని పడితే మా మెకానిక్ మెట్ల మీద నిలబడి మాట్లాడతాడు, వరండాలోకి వెళ్ళి పని చేస్తాడు, మళ్ళీ మెట్ల మీదకొచ్చి మాట్లాడతాడు. పొట్ట తగ్గిందని మొన్న తనే ఒప్పుకున్నాడు.

ఇక అప్‌డేట్లు! 'ఇప్పుడా, తర్వాతా?' అని ఫోన్ ఎంతో వినయంగా అడుగుతుంది. 'తర్వాత' అని మూడుసార్లు నొక్కనిస్తుంది. నాలుగోసారి అడగదు. చేతిలో ఏ పనున్నా, మధ్యలో ఏ మాటున్నా తెర నల్లబడిపోతుంది. చిన్న చక్రం తిరుగుతూ ఉంటుంది. కొత్తల్లుడు అలిగితే కొత్త బట్టలు పెట్టి బతిమాలుకోవచ్చు. దీన్ని ఏం పెట్టి బతిమాలతాం?

ఒకేసారి చేస్తే పని సులువని, కంపెనీ ఫోన్లన్నిటికీ పెద్ద అప్‌డేట్ ఆదివారం మధ్యాహ్నం రెండింటికి పెట్టారు. ఎందుకంటే ఆదివారం ఎవరూ పనిచేయరు. చక్కటి ఆలోచన! కాకపోతే ఒక్క చిన్న సంగతి. ఆదివారం ఎవరూ పనిచేయరు కాబట్టే ఆఫీసు భవనాల్లో లిఫ్టులు ఖాళీగా ఉంటాయి. అవి ఖాళీగా ఉంటాయి కాబట్టే మావాళ్ళు ఆదివారం పనిచేస్తారు. ఈ సంగతి నేను చెప్పి ఉండవచ్చు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అడగనిది చెప్పకుండానే ఇరవై మూడేళ్ళు నెట్టుకొచ్చాను!

ఇక్కడ మీకు ఇద్దరు మనుషుల్ని పరిచయం చేయాలి.

మా మెకానిక్కుల్లో పెద్దవాడు స్పానర్ బాబాయి. యాభై ఆరేళ్ళు. పని నేర్చుకున్నవాళ్ళంతా ఆయన చేతి కిందే నేర్చుకున్నారు. లిఫ్టు నడిచే చప్పుడు విని ఎక్కడ నొప్పో చెప్పేస్తాడు. మాటలు తక్కువ. ఆయనకి పద్దెనిమిదేళ్ళుగా జతగాడు రేడియో. నలభై దాటినవాడే, ఇద్దరు పిల్లల తండ్రి. రేడియో అని ఎందుకన్నారో వేరే చెప్పాలా? పొద్దున్న బండి ఎక్కినప్పుడు నోరు తెరిస్తే సాయంత్రం బండి దిగేదాకా మూయడు. పక్కింటి నీళ్ళ ట్యాంకు, పిల్ల లెక్కల మార్కులు, బావమరిది పెంచుకునే కుక్క, ఏదైనా సరే. లిఫ్టు పనికి ఇద్దరు వెళ్ళడం మా దగ్గర పాత పద్ధతి. బాబాయి షాఫ్టులోకి, అంటే లిఫ్టు ఎక్కిదిగే ఆ ఇరుకు బావిలోకి దిగి, కేబిన్ కప్పు మీద నిలబడి పని చేస్తాడు. రేడియో పైన మెషీన్ గదిలో ఉండి కిందికి మాట్లాడుతూ ఉంటాడు. ఏదైనా తేడా వస్తే వచ్చి తలుపు తీస్తాడు.

ఫోన్లు వచ్చిన ఆర్నెల్లకి హెడ్డాఫీసు నుంచి ఇద్దరు వచ్చి వాచీ పట్టుకుని మా పనిని కొలిచారు. రెండో మనిషి చేస్తున్న పని ఏమిటా అని చూసి నివేదిక రాశారు. అందులో రెండే మాటలు: 'నిలబడుట, మాట్లాడుట.' ప్రతి మెకానిక్ చేతిలోనూ ఇప్పుడు స్మార్ట్‌ఫోన్ ఉంది గనక మామూలు పనులకి రెండో మనిషి అనవసరమని తేల్చారు. బ్రాంచి సూపర్‌వైజర్ సమ్మతి కావాలని కాగితం నా ముందు పెట్టారు. పెన్ను కూడా వాళ్ళే ఇచ్చారు. మంచి పెన్ను.

రేడియోని గోడౌన్‌లో బోల్టులు విడదీసే పనికి మార్చాను. బాబాయి నా గదిలోకి వచ్చాడు.

"సార్, నేను షాఫ్టులో ఉన్నప్పుడు వాడు పైనుంటాడు కదండీ."

"ఇప్పుడు ఫోన్ ఉంటుంది కదా బాబాయ్."

"ఫోన్ తలుపు తీస్తుందాండీ?"

"నువ్వు ఫోన్ చేస్తావు. మనిషి వస్తాడు. ఆ మనిషి తీస్తాడు."

ఆయన టోపీ తలకి పెట్టుకున్నాడు. "మీకు తెలీకపోదు లెండి" అని వెళ్ళిపోయాడు. చూశారా, వాదన నేనే గెలిచాను!

మూడు నెలల కిందట ఒక ఆదివారం. ఐదంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు తీగలకి నూనె పట్టించే పని. బాబాయి ఒక్కడే వెళ్ళాడు. పనిచోట సొంత ఫోన్ ఉండకూడదన్నది కంపెనీ నియమం కాబట్టి దాన్ని ఇంట్లో వదిలి వెళ్ళాడు. రెండున్నరకల్లా భోజనానికి వచ్చేస్తానని ఇంట్లో చెప్పాడు. ఒకటిన్నరకి కేబిన్ కప్పు మీదకెక్కాడు. రెండింటికి పది నిమిషాల ముందు, లైను మరమ్మతుకని ఆ వీధి మొత్తానికి కరెంటు తీశారు. లిఫ్టు నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. పై తలుపు చేతికందదు. కింది తలుపు కాళ్ళ కిందకి వెళ్ళిపోయింది. చుట్టూ కటిక చీకటి. మధ్యాహ్నమే అయినా షాఫ్టులోకి ఎండ రాదు కదా.

బాబాయి కంగారుపడలేదు. ఇలాంటివి ముప్పై ఏళ్ళలో చాలా చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి దాని లైటు వేసుకున్నాడు. సిగ్నల్ ఒక్క గీత ఉంది. మాట్లాడటానికి చాలు. తొందరేముందని ముందు పనిముట్లు సర్ది, సంచి మూతి కట్టి, నొసటి చెమట తుడుచుకుని, నా నంబరు వెతికాడు. సరిగ్గా రెండయింది.

తెర నల్లబడింది. లైటు ఆరిపోయింది. చిన్న చక్రం తిరగడం మొదలైంది.

అడగలేదు చూశారా? మూడుసార్లూ ఆ వారంలోనే అయిపోయాయట.

ఒక్క గీత సిగ్నల్ మాటకి చాలుతుంది గానీ అప్‌డేట్‌కి చాలదు. ఇరవై ఏడు శాతం దగ్గర అది ఆగింది. 'దయచేసి పరికరాన్ని ఆపవద్దు. కంపెనీ నెట్‌వర్క్ కోసం వేచి ఉన్నాము' అని అచ్చతెలుగులో చూపించింది. మాతృభాషలో చెప్పడం ఎంత గొప్ప! బాబాయి ఆపి చూశాడు, మళ్ళీ వేసి చూశాడు. ప్రతిసారీ అదే వినయం, అదే చక్రం.

సరే, ఫోన్ కలిసిందే అనుకుందాం. ఎత్తేదెవరు? ఆ గంటలో నా ఫోన్‌తో సహా బ్రాంచిలో పదిహేను ఫోన్లూ అదే పూజలో ఉన్నాయి! మా ఇంట్లో కిటికీ దగ్గర సిగ్నల్ బాగుంటుందని నా ఫోన్‌ని అక్కడే ఒక దిండు మీద పడుకోబెట్టాను. మా ఆవిడ అన్నం వడ్డిస్తూ అటు చూసింది.

"మా అమ్మ వచ్చినప్పుడు చాప మీద కూర్చోబెట్టారు. దీనికి దిండా?"

"అది అప్‌డేట్ అవుతోందే."

"మీరెప్పుడవుతారు?"

నేను వినబడనట్టు కూర గిన్నె అందుకున్నాను.

అక్కడ బాబాయి స్పానర్‌తో ఇనుప పట్టా మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు భవనమంతా పాకుతుంది. గేటు దగ్గర వాచ్‌మన్‌కి వినిపించింది కూడా. పక్క భవనంలో గొట్టాలు బాగుచేస్తున్నారనుకున్నాడట. మెకానిక్ ఏడని చూడలేదా అంటే, వెనక గేటు నుంచి వెళ్ళిపోయి ఉంటాడనుకున్నాడట. అతన్నేం అనగలం? ఆదివారం అతనూ ఒక్కడే.

నాలుగయింది. రేడియోకి ఒక అలవాటుంది. గోడౌన్‌కి మారిన దగ్గర్నుంచీ ఆదివారం నాలుగింటికి బాబాయికి ఫోన్ చేసి వారం రోజుల కబుర్లూ ఒక్కసారే దించేస్తాడు. ఆ రోజు బాబాయి సొంత ఫోన్‌కి చేస్తే పిన్నిగారు ఎత్తారు. "ఇంకా భోజనానికే రాలేదు నాయనా" అన్నారు. కంపెనీ నంబరుకి చేశాడు. స్విచాఫ్. మూడుసార్లు చేశాడు. నాకు చేశాడు, నేను నిద్రలో ఉన్నాను. పావుగంటలో మా ఇంటి గుమ్మంలో ఉన్నాడు.

"సార్, బాబాయి ఫోన్ మోగట్లేదు."

"అప్‌డేట్ అవుతోందేమో. నాదీ ఇందాకే అయింది."

"ఇంటికి కూడా రాలేదండి."

ఆ మనిషి అంతకుమించి ఒక్కమాట మాట్లాడలేదు. పద్దెనిమిదేళ్ళలో రేడియో అలా ఆగిపోవడం నేను చూడలేదు.

దిండు మీంచి ఫోన్ తీసి హెడ్డాఫీసు హెల్ప్‌లైన్‌కి చేశాను. ఎవరో యువకుడు, గొంతు చాలా హాయిగా ఉంది. ఉద్యోగి నంబరు చెప్పగానే క్షణంలో పట్టేశాడు.

"పరికరం క్షేమంగా ఉంది సార్. పచ్చచుక్క. బ్యాటరీ అరవై ఒక్క శాతం. అప్‌డేట్ అందుకుంటోంది."

"మనిషి?"

"సార్?"

"ఆ ఫోన్ పట్టుకున్న మనిషి ఎలా ఉన్నాడు?"

కీబోర్డు టకటకలాడింది. నిజాయితీగా వెతికాడు, పాపం. "ఆ కాలమ్ మా దగ్గర లేదు సార్" అన్నాడు. "ఇంకేమైనా సహాయం కావాలా?"

రేడియో బండి మీద వెళ్ళాం. గేటు దాటుతుండగానే ఆ చప్పుడు వినిపించింది. సన్నగా, ఆగి ఆగి వస్తోంది. రేడియో బండికి స్టాండు కూడా వేయలేదు, నా మీదే వదిలేసి మెట్లకేసి పరిగెత్తాడు. లిఫ్టు తలుపులు తీసే మూడు మూలల తాళంచెవి వాడి జేబులోనే ఉంది. గోడౌన్‌లో బోల్టులు విడదీసేవాడికి ఆ తాళంచెవి ఎందుకని ఆ ముందువారమే అప్పగించమని అడిగాను. మర్చిపోయానన్నాడు. మర్చిపోవడం కూడా అప్పుడప్పుడు మంచిదే.

ఐదో అంతస్తు తలుపు తీసి టార్చి వేశాం. కింద కేబిన్ కప్పు మీద బాబాయి కూర్చుని ఉన్నాడు. కుడిచేతిలో స్పానర్. ఎడమచెయ్యి లిఫ్టుని ఆపే ఎర్ర బటన్ మీద. ఆ బటన్ ఒకసారి నొక్కితే చాలు, దానంతటది నొక్కుకునే ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా అందరికీ ఆ మాట నేర్పింది ఆయనే. అయినా కరెంటు వస్తే ఎక్కడ కదులుతుందోనని దాదాపు మూడు గంటలు దాని మీంచి చెయ్యి తీయలేదు. వాచ్‌మన్ నిచ్చెన తెచ్చాడు. రేడియో దిగి, ముందు ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

పైకి తీసుకొచ్చాక నీళ్ళిచ్చాం. పెదాలు ఎండిపోయి పలుకు రాలేదు. కుడి అరచెయ్యి బొబ్బలెక్కి ఉంది. ఎడమకాలు తిమ్మిరెక్కి నేల మీద ఆనడం లేదు. రెండు గ్లాసులు తాగాక మొదట అడిగింది, "ఇంట్లో చెప్పలేదు కదా?" అని. ఆ తర్వాత రేడియో వైపు చూశాడు.

"నీ వాగుడికి తల వాచిపోయేది రా నాకు."

"తెలుసు బాబాయ్."

"ఇవాళ అందులో కూర్చుని నీ బావమరిది కుక్క పేరేంటా అని ఆలోచించాను. ఎంతకీ గుర్తు రాలేదు."

రేడియో ఆ పేరు చెప్పాడు. ఇద్దరూ నవ్వారు. తర్వాత బాబాయి మొహం పక్కకి తిప్పుకున్నాడు. కరెంటు వచ్చింది, లిఫ్టు బాగానే ఉంది. అయినా మేం మెట్ల మీదుగానే దిగాం. ఐదంతస్తులు దిగేసరికి చాలాసేపు పట్టింది. నన్ను ఆయన ఒక్కమాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇంత జరిగితే కంపెనీ ఊరుకుంటుందా? వెంటనే విచారణ! వారం తిరక్కుండానే నివేదిక వచ్చింది. పరికరానికి ఏ నష్టమూ జరగలేదని, అప్‌డేట్ సోమవారం నాటికి నూరు శాతం పూర్తయిందని సంతోషం ప్రకటించారు. అప్‌డేట్ జరుగుతుండగా పద్నాలుగుసార్లు పవర్ బటన్ నొక్కి పరికరం పనిలో జోక్యం చేసుకున్నందుకు బాబాయికి మెమో ఇచ్చారు. పద్నాలుగుసార్లు! ఆయన లెక్కపెట్టుకోలేదు, వాళ్ళు లెక్కపెట్టారు. శ్రద్ధ అంటే అదీ!

నేను లేఖ రాశాను. షాఫ్టు పనికి రెండో మనిషిని తిరిగి ఇవ్వండి అని. 'మీ అభ్యర్థన నమోదైంది' అని జవాబు. రెండో లేఖ రాశాను. 'మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది.' మూడో లేఖకి, 'మీ నుంచి స్పందన లేనందున అభ్యర్థనను ముగించాము.' రాసింది నేను, స్పందించనిదీ నేనేనట!

ఆ తర్వాత సర్క్యులర్ వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించి నా గదిలో పెట్టుకోవాలని ఉంది. అందులోని మాటలు యథాతథంగా: 'ఇకపై ప్రతి ఫోన్‌కూ ఒక తోడు ఫోన్ ఇవ్వబడును. ఒకటి అప్‌డేట్ అవుతున్నప్పుడు రెండవది పనిచేయవలెను. ఎట్టి పరిస్థితిలోనూ పనిచోట ఏ పరికరాన్నీ ఒంటరిగా ఉంచరాదు.'

ఎంత కరుణ! చదివి నా కళ్ళు చెమర్చాయి. ఫోన్‌కి తోడు కావాలని కంపెనీకి అర్థమైంది. పని చిన్నదైనా, పగటిపూటైనా, ఒంటరిగా ఉంటే దానికి ఏమైనా కావచ్చని అర్థమైంది. ఇక మనిషి అంటారా? మనిషికి ఫోన్ ఉంది కదా, ఇప్పుడు రెండున్నాయి. ఆ మాట ముందుగా అన్నది నేనే. కాగితం మీద సంతకమూ నాదే. ఈ కాలమ్ రాస్తున్నది కూడా కంపెనీ ఇచ్చిన ఆ మంచి పెన్నుతోనే.

అయితే పాఠకులారా, కంపెనీ ఫోన్‌ని మించిన వరం లేదని నేను ఇంకా ఎందుకు అంటున్నానో ఇప్పుడు చెబుతాను.

ఈ రెండో ఫోన్ల కోసం మేడంగారి విభాగం ఒక కొత్త ఫారం పంపింది. ప్రతి ఫోన్‌తో పాటు పనిచోటికి వెళ్ళే ఉపకరణాలు, అంటే కవరు, ఛార్జరు, పవర్‌బ్యాంకు లాంటివి, అందులో నమోదు చేయాలి. నమోదైన ఉపకరణం లేకుండా ఫోన్ బ్రాంచి దాటి వెళ్ళకూడదు. అది నియమం!

మధ్యాహ్నం బ్రాంచిలో కూర్చుని ఆ ఫారం రెండుసార్లు చదివాను. తర్వాత బాబాయి ఫోన్ నంబరు కొట్టి, ఉపకరణం దగ్గర 'పవర్‌బ్యాంకు' అని ఎంచుకున్నాను. రంగు అని అడిగింది. చామనఛాయ అని రాశాను. బరువు డెబ్బై ఒక్క కిలోలు. తయారై ఎన్నేళ్ళయింది? నలభై మూడు. చప్పుడు చేస్తుందా? చేస్తుంది. ఆపే బటన్ ఉందా? లేదు. తాళంచెవి ఉందా? ఉంది.

నలభై సెకన్లలో జవాబొచ్చింది. 'ఆమోదించబడినది.' మూడు లేఖలకి రాని అనుమతి!

మర్నాడు రేడియోని గోడౌన్‌లోంచి పిలిపించి సంగతి చెప్పాను.

"అంటే సార్, కాగితాల్లో ఇప్పుడు నేను మనిషిని కాదా?"

"కాదు. నీకు పదోన్నతి వచ్చింది."

వాడు బాబాయి బండి వెనకెక్కి కూర్చున్నాడు. గేటు దాటేలోగానే మొదలుపెట్టాడు. బాబాయి విసుక్కుంటూ బండి నడుపుతున్నాడు. కాలు ఇంకా కొంచెం ఈడుస్తున్నాడు గానీ, చాలా రోజుల తర్వాత వీపు నిటారుగా ఉంది. పదిహేను రోజుల్లో మా బ్రాంచిలో షాఫ్టు పనికి వెళ్ళే ప్రతి ఫోన్‌కీ ఒక పవర్‌బ్యాంకు ఏర్పడింది. అందరూ మీసాలున్నవాళ్ళే. నెల తిరిగేసరికి పరికరాల ఆరోగ్యంలో మా బ్రాంచి మొదటి స్థానంలో నిలిచిందని ప్రశంసాపత్రం వచ్చింది. మిగతా బ్రాంచిల సూపర్‌వైజర్లు ఫోన్ చేసి, 'రంగు దగ్గర ఏం రాశారు?' అని గుసగుసగా అడుగుతున్నారు.

మొన్న బుధవారం నా టేబుల్ మీది పాత ల్యాండ్‌లైన్ మోగింది. దాన్ని ఎవరూ నిర్వహించరు, అందుకే ఎప్పుడూ పనిచేస్తూ ఉంటుంది. అవతల డాష్‌బోర్డు మేడం. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"మీరు నమోదు చేసిన ఉపకరణం ఒకటి చూస్తున్నాను" అన్నారు. "చామనఛాయ. డెబ్బై ఒక్క కిలోలు. ఇది పవర్‌బ్యాంకేనా?"

ఉద్యోగం పోయిందనుకున్నాను. అబద్ధం ఆడదామన్నా నోరు రాలేదు. "మీరు ఎలా అంటే అలా మేడం" అన్నాను.

ఆవిడ గొంతు తగ్గించి అడిగారు.

"బాగా పనిచేస్తోందా?"

"చాలా బాగా మేడం. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఆగలేదు."

"పోయినేడు ఈ గదిలో మేం ఆరుగురం ఉండేవాళ్ళం" అన్నారావిడ. "ఇప్పుడు నేనూ, ఈ తెరా. ఆ హెల్ప్‌లైన్ అబ్బాయి కూడా వేరే ఊళ్ళో ఎక్కడో ఉంటాడు. పొద్దుట్నుంచీ ఇవాళ నేను మాట్లాడిన మొదటి మనిషి మీరే. ఈ ఫారం... హెడ్డాఫీసు ఫోన్లకి కూడా వర్తిస్తుందంటారా?"

ఫారం తయారుచేసిన మనిషి ఆ మాట నన్నడిగితే నేనేం చెప్పను? కాగితం పెన్సిలు తీసుకోమన్నాను. ఏ గడిలో ఏం నింపాలో ఒక్కొక్కటే చెప్పాను. బరువు దగ్గర మాత్రం ఉన్నదున్నట్టు రాయమన్నాను. కంపెనీకి అబద్ధాలు గిట్టవు.